నీరుగంటి బోర్డు

చిత్రావతి యొడ్డుననున్న బాగేపల్లినుండి చిక్కబళ్ళాపురమునకు బస్సులో పోవునప్పుడెల్ల, దారి కిరుప్రక్కల చెరువులలో నీరెంత యున్నదో చూచి మనస్సులో లెక్క కట్టుకొనుట, కరవుసీమలో పుట్టిన నాకు చిన్ననాటినుండియు మానని యలవాటు. ఆ దినము నేను బయలుదేరినది నీటి పనిమీద కాదు. చిక్కబళ్ళాపురము చెంత నొక ఇంజనీరింగు కళాశాలలో విద్యార్థులు చిన్న ఉపగ్రహమునకు బ్యాటరీని కాపాడు సర్క్యూటు బోర్డును రూపొందించుచున్నారని విని, చూడవలెనని. అయినను నీటి మాట నన్ను విడువలేదు.

ముందుగా ముద్దేనహళ్ళికి పోయితిని. ఆంధ్రదేశపు మోక్షగుండమును ఇంటిపేరుగా నిలుపుకొన్న కుటుంబమున విశ్వేశ్వరయ్యగారు జన్మించిన యిల్లు అక్కడ స్మారకముగా నున్నది. 1903లో పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు ఆయన అమర్చిన తలుపులు, నీరు హద్దు మీరినప్పుడు మనిషి చేయి తగులకయే తెరచుకొని, మట్టము తగ్గగానే తామే మూసికొనునవి. వానినే తలపోయుచు కళాశాల చేరితిని.

ప్రయోగశాల యనగా నేనూహించుకొన్న గాంభీర్యమేదియు నా గదిలో లేదు: సోల్డరు పొగవాసన, తీగల చిక్కులు, సగము తిన్న పల్లీల పొట్లము, బల్లమీద పది సెంటీమీటర్ల పెట్టెలో నిముడదగిన పచ్చని బోర్డు, దానిపై 18 మిల్లీమీటర్ల లావును 65 మిల్లీమీటర్ల పొడవును గల రెండు లిథియం సెల్లులు. పాత లాప్‌టాపు బ్యాటరీని విప్పినను ఇట్టివియే కనబడును. చింతామణివైపు పల్లెనుండి వచ్చిన యువకుడొకడు, గురువుగారితో కన్నడమున మాటలాడుచుండి, నన్ను చూడగానే తెలుగునకు మరలి, "ఇది కరెంటు ఇచ్చేది కాదు సార్, వద్దనేది. మా తాత ఊరి చెరువుకు నీరుగంటి. ఎవరికెంత వదలాల, తూము ఎప్పుడు మూయాల అని చూసుకుంటా ఉండినాడు. దీని పనీ అంతే" అనెను.

నేను నవ్వితిని గాని, వినగా వినగా ఆ పోలిక బలపడెను. సుమారు 500 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహమునకు ఒక ప్రదక్షిణము ఇంచుమించు 95 నిమిషములు. అందు 35 నిమిషములవరకు భూమి నీడలోనే గడచును. దినమునకు పదిహేను ఉదయములు, పదిహేను అస్తమయములు. ఏడాదికి అయిదున్నర వేల మారులు నిండుట, తరుగుట. కావున నిండు బ్యాటరీలో పాతికవంతుకు మించి తోడకుండునట్లు లెక్కవేసికొందురు. అడుగంట తోడినచో సెల్లు ఆయువు త్వరగా క్షీణించును. 4.2 వోల్టులు దాటనీయరాదు, 3 వోల్టులకు దిగనీయరాదు. ఒకే తల్లి బిడ్డలైనను రెండు సెల్లులు ఒక్కతీరున నిండవు. ముందు నిండినదాని మిగులును రెసిస్టరులో వేడిగా కాల్చివేయుదురు. మన ఊళ్ళలో ఆ వేడిని గాలి మోసికొనిపోవును; అక్కడ గాలియే లేదు గనుక, రాగిపొరల గుండ లోహపు చట్రమునకు దానికి దారి వేయవలెను.

అన్నిటికంటె నన్నాకర్షించినది చలి సంగతి. సున్న డిగ్రీలకు దిగువ ఛార్జి చేసినచో లిథియం గ్రాఫైటులోనికి చొరక, దానిపై లోహపుపూతగా పేరుకొని, లోపల షార్టునకు దారితీయవచ్చును. అందుచే ఎదుట ఎండ కాయుచున్నను, ఒళ్ళు కాగువరకు బ్యాటరీ దానిని ముట్టరాదు. పోనీ, నీడలోనే హీటరుతో వెచ్చగా నుంచుదమన్నచో, ఆ హీటరుకు కరెంటును ఆ బ్యాటరీయే ఇయ్యవలెను! తడికట్టెల నారబెట్టుటకు పొయ్యి వెలిగింపవలసిన యిల్లాలి అవస్థ యిది.

బెంగళూరు పీణ్యాలోని షెడ్లలో రూపొంది 1975 ఏప్రిల్ 19న నింగికెగసిన ఆర్యభట, విద్యుత్సరఫరాలోని లోపముచేత నాలుగైదు దినములకే శాస్త్రప్రయోగములను మానుకొనవలసి వచ్చెను. 2010 జూలై 12న శ్రీహరికోటనుండి వెడలిన స్టడ్‌శాట్, కర్ణాటకాంధ్రముల ఏడు కళాశాలల విద్యార్థులు నిర్మించినది, కిలోగ్రామైన తూగదు. ఆ రెంటి పేర్లును ఈ గదిలో ఇంటిపెద్దల పేర్లవలె వినబడుచుండెను.

సాయంకాలము బోర్డును చలిపెట్టెలోనుంచి మైనస్ అయిదు డిగ్రీలకు దించి, సూర్యునికి మారుగా బయటనుండి కరెంటు నిచ్చిరి. మీటరులో ఛార్జి అంకె సున్న. హీటరు గురుతైన చిన్న ఎఱ్ఱదీపము మాత్రము వెలిగెను. "తీసుకోలేదు సార్!" అని చింతామణి యువకుడు కేకవేసెను. పెట్టిన అన్నము బిడ్డ వద్దన్నందుకు ఇంత సంబరపడినవారిని నేనెన్నడును చూచి యెరుగను. వేడి మెల్లగా సున్న దాటి అయిదు డిగ్రీలకు వచ్చువరకు అందరమును మీటరు చుట్టు కూర్చుంటిమి. అప్పుడు అంకె కదలెను. బాగేపల్లి బస్సు అంతకు చాల ముందే పోయియుండెను.