వేళ్ళకు తెలిసిన భయం

ఒక బల్ల, చుట్టూ నలుగురైదుగురు మనుషులు, కొన్ని పాచికలు, కాగితాలు: టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటకు కావలసిన సరంజామా ఇంతే. ఒకరు గేమ్ మాస్టరుగా కూర్చుని కథాలోకాన్నీ అందులోని జనాన్నీ మాటలతో నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని ‘నేను తలుపు తోస్తున్నాను’, ‘నేను పారిపోను’ అంటూ కథను ముందుకు లాగుతారు. ఇంత చిన్న ఏర్పాటులో ఒక్కోసారి ఆటగాడి గొంతు నిజంగానే పూడుకుపోతుంది. లేని మనిషి చావుకు ఉన్న మనిషి ఎందుకు ఏడవాలి?

ఈ ప్రశ్న మన ఆలంకారికులకు కొత్త కాదు. భరతుడి రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ లొల్లటుడు రసం ముఖ్యంగా అనుకార్యుడిదే, అంటే రాముడి నాటకంలో అసలు రాముడిదే, అన్నాడు. నటుణ్ణి చూసి ప్రేక్షకుడు దాన్ని అనుమాన ప్రమాణంతో, అంటే గుర్తులను బట్టి ఊహించి, గ్రహిస్తాడని శంకుకుడన్నాడు. అభినవగుప్తుడు దాన్ని సహృదయుడైన సామాజికుడిలో, అంటే ప్రేక్షకుడిలో, నిలిపాడు. రోల్‌ప్లేయింగ్ బల్ల దగ్గర అనుకార్యుడూ నటుడూ సామాజికుడూ ఒకే కుర్చీలో కూర్చుంటారు. పాత్రను కల్పించేదీ, ఆడేదీ, చూసేదీ ఒక్కరే. నాటకంలో నటుడికి కథ ముందే తెలుసు, ఆటగాడికి తెలియదు. ప్రేక్షకుడు కథను మార్చలేడు, ఆటగాడు మార్చగలడు. జరిగినదాంట్లో తన చెయ్యి కూడా ఉందన్న ఎరుకే ఈ ఆటల్లో భావానికి పట్టు.

మొదట్లో ఈ ఆటల్నెవరూ ఇలా చూడలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బొమ్మ సైనికుల యుద్ధక్రీడల నుంచి పుట్టింది. పాత్ర అంటే బలం, తెలివి, హిట్ పాయింట్లు అనే అంకెలు. చస్తే మరో కాగితం తీసి మళ్ళీ పాచికలు వేయడమే. అయినా నెలల తరబడి ఒకే పాత్రను పెంచి, దానికో పేరూ మొండితనమూ తగిలించుకున్నవాళ్ళు అది పోయిన రోజు దిగులుపడకుండా ఉండలేరు. నియమాల పుస్తకం అడగని దుఃఖం అది. 1981లో వచ్చిన శాండీ పీటర్సన్ ఆట ‘కాల్ ఆఫ్ కతూలూ’ మనసుకూ ఒక అంకె పెట్టింది. చూడకూడనిది చూసినప్పుడల్లా పాత్ర శానిటీ తగ్గుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ భయపడేది కాగితం మీది మనిషి. ఆటగాడు చిప్స్ నములుతూ తీసివేత లెక్క చేసుకోవచ్చు.

2005లో వచ్చిన ‘డ్రెడ్’ ఆ వెసులుబాటు లేకుండా చేసింది. ఇందులో పాచికలే లేవు. బల్ల మధ్యలో చెక్కముక్కల జెంగా టవరు ఉంటుంది. పాత్ర కష్టమైన పని తలపెడితే ఆటగాడు ఒక ముక్క లాగి పైన పెట్టాలి. లాగనంటే పని చెడుతుంది. టవరు కూలితే పాత్ర కథలోంచి పోతుంది. మొదట్లో ముక్కలు తేలిగ్గా వస్తాయి, నవ్వులతో కాలం గడుస్తుంది. కథ ముదిరేసరికి టవరు డొల్లబడి ఊగుతుంటుంది. అప్పుడిక భయాన్ని నటించనక్కర్లేదు, వేళ్ళే వణుకుతాయి. అన్నిటికంటే గొప్ప నియమం మరొకటుంది: ఆటగాడు కావాలనే టవరును కూల్చవచ్చు. పాత్ర తలపెట్టిన పని నెరవేరుతుంది, పాత్ర మిగలదు. తోటివాళ్ళ కోసం ఒకరు చెయ్యి చాచి దాన్ని తోసేస్తే, ఆ చప్పుడు తర్వాత బల్ల దగ్గర ఎవరికీ మాట రాదు. ఇందులో పాత్రకు అంకెలుండవు, ప్రశ్నలుంటాయి. ‘తమ్ముడి దగ్గర ఏ నిజం దాచావు?’ లాంటి ప్రశ్నకు ఆటగాడే జవాబు రాస్తాడు. తను రాసుకున్న రహస్యం కనుక, అది బయటపడబోతుంటే గుబులూ తనదే.

భయానికి ఏమవుతుందో తెలియకపోవడం కావాలి. దుఃఖానికి ఆ అవసరం లేదు. స్టీఫెన్ డ్యూయీ 2015లో తెచ్చిన ‘టెన్ క్యాండిల్స్’ను చీకటి గదిలో పది చిన్న కొవ్వొత్తులు వెలిగించి ఆడతారు. చివరిది ఆరేసరికి పాత్రలన్నీ చనిపోతాయని ముందే అందరికీ తెలుసు. ఆట మొదట్లో ఆటగాళ్ళు తమ పాత్రల గొంతుతో ఒక సందేశం రికార్డు చేస్తారు. అందరూ పోయాక చీకట్లో దాన్ని వినిపిస్తారు. జేసన్ మార్నింగ్‌స్టార్ ‘గ్రే ర్యాంక్స్’లో పాత్రలు 1944 వార్సా తిరుగుబాటులో పోరాడిన పోలండ్ పిల్లలు. 63 రోజుల తర్వాత ఆ తిరుగుబాటు అణగిపోయిందని చరిత్రే చెబుతోంది. గెలుపు మాట ముందే తీరిపోయింది కాబట్టి, దేన్ని వదులుకోవాలన్నదే ఆటంతా.

ఇలాంటి నియమాల అండ లేని ఆటలో బరువు గేమ్ మాస్టరు మీద పడుతుంది. కొత్తవాళ్ళు ఏడిపించాలనే పట్టుదలతో కూర్చుంటారు. అంతకుముందెన్నడూ కనిపించని పసిపిల్లను తెచ్చి రాక్షసుడి నోట్లో పెడితే ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ప్రతి వారం సత్రంలో గంజి పోస్తూ ఒక పాత్ర పేరును తప్పుగా పలికే ముసలి వంటవాడు, ఒకనాడు దాన్ని సరిగ్గా పలికి కన్నుమూస్తే సంగతి వేరు. ఆ మాట చెప్పాక గేమ్ మాస్టరు ఊరుకోవాలి. మౌనానికి తాళలేక పాచికలు అందుకున్నారో, అంతా పాడవుతుంది. అదే సమయానికి ఎవరో ఒకరు జోకు వేస్తారు. కసురుకోనక్కర్లేదు. దుఃఖం దగ్గరికొస్తే నవ్వి తప్పుకోవడం మనుషుల అలవాటు. పెళ్ళి అప్పగింతల్లో చూడనిదా?

పాత్ర భావం ఆటగాడికీ, ఆటగాడిది పాత్రకీ అంటుకోవడాన్ని ‘బ్లీడ్’ అంటారు. ఆటల రచయిత్రి ఎమిలీ కేర్ బాస్ 2007లో ప్రవేశపెట్టిన మాట ఇది. ఒక బట్ట రంగు ఇంకో బట్టకు దిగినట్టు అనుకోవచ్చు. అది ఎంతవరకు దిగాలో ఆటగాడే తేల్చుకోవాలి. ఈమధ్యే తల్లిని పోగొట్టుకున్న మనిషికి ఆటలోని ఆస్పత్రి గది ఆటగా కనిపించదు. జాన్ స్టావ్రోపులోస్ రూపొందించిన ఎక్స్-కార్డు ఇందుకే. బల్ల మధ్యలో ఉన్న ఆ కార్డును ఎవరు తాకినా అప్పటి విషయాన్ని వదిలేసి కథ ముందుకు సాగుతుంది. కారణం చెప్పనక్కర్లేదు. ఇది భావానికి అడ్డుకట్ట అని విసుక్కునేవాళ్ళున్నారు. ఆ వాదన నిలవదు. గట్టు చేతికందేంత దూరంలో ఉంటేనే ఈత రానివాడు నీళ్ళలోకి దిగుతాడు. ఎక్స్-కార్డు కోసం ఏదీ కొనక్కర్లేదు, ఒక తెల్లకార్డు మీద పెన్నుతో ఇంటు గుర్తు వేస్తే సరిపోతుంది.