కాకినాడ అంటే కాజాయేనా? ఒకసారి పంపుల చప్పుడు కూడా వినండి!

కాకినాడ వెళ్లొచ్చానంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న 'కాజా తెచ్చావా?' రెండోది 'సుబ్బయ్య హోటల్లో తిన్నావా?' తెచ్చాను, తిన్నాను. కానీ ఈసారి వెళ్లింది వాటికోసం కాదు. మా పెద్దమ్మ పంపిస్తే వెళ్లాను.

పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, వాకలపూడిలో ఒక బయోడీజిల్ ప్లాంటులో పంపులు బాగుచేసే ఫిట్టర్. ఆ ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో ఏదైనా చూసుకోమని పెద్దమ్మ పోరు. వాడు వినడు. "నువ్వయితే వాడికి నచ్చచెప్పగలవురా, ఒకసారి వెళ్లిరా" అంది. సరే అని గౌతమి ఎక్కేశాను.

ముందే చెప్పేస్తున్నా, ప్లాంటు లోపలి ఫొటో ఒక్కటి కూడా ఇందులో ఉండదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పొద్దున్నే కాకినాడ టౌన్ స్టేషన్లో దిగి అన్నయ్య బండెక్కితే, ఊరు దాటాక రోడ్డు సముద్రం పక్కకి వచ్చేస్తుంది. ఇక్కడి సముద్రం ఒక రకంగా బద్ధకస్తురాలు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో ఊరికి ఎదురుగా పెద్ద అలలుండవు. ఓడలు ఇక్కడ నిలబడటానికి కారణమూ అదే. పాత యాంకరేజ్ పోర్టులో ఓడలు దూరంగా ఆగితే బార్జీల్లో సరుకు ఒడ్డుకు తెచ్చేవాళ్లు, ఇప్పటికీ తెస్తున్నారు. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక పెద్ద ఓడలు నేరుగా ఒడ్డుకే వస్తున్నాయి. ఇండోనేషియా, మలేషియాల నుంచి పామాయిల్ కూడా అలాగే వచ్చి దిగుతుంది. వాకలపూడి లైట్‌హౌస్ కనిపించేసరికి వాసన మారిపోతుంది. మొదట ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు, ఆ తర్వాత వేడి నూనె వాసన. పెళ్లింట్లో బూరెలు వండుతున్నట్టు! రోడ్డుకి రెండు పక్కలా తెల్లటి ట్యాంకులు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా ఫోన్ తీసుకుని టోకెన్ ఇచ్చాడు. పవర్ బ్యాంకు, స్మార్ట్ వాచీ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా తీయించాడు. పెట్రోల్ బంకులో 'సెల్‌ఫోన్ వాడరాదు' అన్న బోర్డు కిందే నిలబడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే మనకి ఇది కాస్త ఎక్కువే అనిపిస్తుంది. నా మొహం చూసి అన్నయ్య నవ్వాడు. "డీజిల్‌కి భయపడి కాదురా. లోపల మిథనాల్ ఉంది."

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, సంగతంతా ఇక్కడే ఉంది. బయోడీజిల్ అంటే నూనెని మిథనాల్‌తో కలిపి చేసేది. పామాయిల్ కావచ్చు, హోటళ్లలో వాడేసిన నూనె కావచ్చు. దాన్ని సుమారు 60 డిగ్రీలకు వేడిచేసి, మిథనాల్, కొంచెం క్షారం కలిపి తిప్పుతారు. తర్వాత కదపకుండా వదిలేస్తే పైన బయోడీజిల్ తేరుకుంటుంది, అడుగున గ్లిజరిన్ దిగుతుంది. వంద కిలోల నూనెకి దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. తయారైన బయోడీజిల్ సాధువు. వంద డిగ్రీలు దాటితే తప్ప అంటుకునేంత ఆవిరి రాదు. మిథనాల్ అలా కాదు. 11, 12 డిగ్రీలకే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. కాకినాడలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు కదా! ఇంకో భయం, పట్టపగలు దాని మంట సరిగ్గా కనిపించదు. కాలుతున్నట్టు చర్మానికి తెలిసేదాకా కంటికి తెలియకపోవచ్చు.

అందుకే మిథనాల్ దగ్గర మామూలు పంపులు పెట్టరు. షాఫ్టు బయటికొచ్చే చోట సీల్ కారితే ప్రమాదం కాబట్టి, అసలు షాఫ్టు బయటికే రాని పంపులు వాడతారు. మోటార్ వైపు ఒక అయస్కాంతం తిరుగుతుంటే, మధ్యలో మూసేసిన గోడకి అవతల ఇంకో అయస్కాంతం దాన్ని పట్టుకుని తిరుగుతుంది. గోడకి బెజ్జం లేదు, కారడానికి దారి లేదు. అయితే వీటిని ఖాళీగా తిప్పకూడదు. లోపలి బేరింగులను చల్లగా ఉంచేది పారే ద్రవమే. అది లేకుండా నడిస్తే కొద్ది నిమిషాల్లోనే పంపు పాడైపోవచ్చు.

నూనె వైపు ఇంకో కథ. అక్కడివి గేర్ పంపులు. చెరుకురసం మిషన్‌లా రెండు పళ్ల చక్రాలు తిరుగుతుంటే, నూనె వాటి మధ్యలోంచి నలుగుతూ వెళ్తుందని నేననుకున్నా. "అందరూ అలాగే అనుకుంటారు. మధ్యలో పళ్లు మూసుకుపోతాయిరా, దారేదీ? నూనె అంచుల పక్కనుంచి, పళ్ల సందుల్లో కూర్చుని చుట్టూ తిరిగి వెళ్తుంది" అన్నాడు అన్నయ్య, వర్క్‌షాప్ బల్ల మీద విప్పిన పంపులో వేలు తిప్పి చూపిస్తూ. మనింట్లో నీళ్ల మోటార్ లాంటి పంపుకి ముందు వాల్వు మూసేస్తే, అది ఉన్న నీళ్లనే చిలుకుతూ వేడెక్కుతుంది, అంతే. గేర్ పంపు అలా ఊరుకోదు. నెట్టడం ఆపదు. ఒత్తిడి పెరిగి పెరిగి ఏదో ఒకటి పగలాల్సిందే. అందుకని దానికి రిలీఫ్ వాల్వు ఉంటుంది, ఒత్తిడి హద్దు దాటితే నూనెని వెనక్కి వదిలేస్తుంది. 'చప్పుడెక్కువగా ఉంది' అని ఎవరైనా దాని స్ప్రింగు బిగించేస్తే ఏమవుతుందని అడిగా. అన్నయ్య సమాధానం చెప్పకుండా మూలన పడున్న ఒక పగిలిన కప్లింగ్ వైపు చూశాడు.

వాడు పంపు రోగం కనిపెట్టే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసని బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుంటాడు. డాక్టరు గొట్టం పెట్టినట్టే! నన్నూ వినమన్నాడు. మొదటి పంపు 'హుమ్మ్' అని నిదానంగా మూలిగింది. రెండో దాంట్లో డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. "బేరింగ్ పోయిందా?" అన్నా. కాదట. పంపుకి నూనె సరిగ్గా అందట్లేదట. పంపు లాక్కుంటుందని మనం అంటాం గానీ, అది చేసేది కాస్త చోటు ఖాళీ చేయడమే. బయటి గాలి ఒత్తిడి, ట్యాంకులోని నూనె బరువు కలిసి నూనెని అందులోకి నెట్టాలి. దారిలో అడ్డుంటే నూనెలో బుడగలు పుట్టి, ముందుకెళ్లాక టపటపా పేలిపోతాయి. ఆ బుడగలు ఇనుమునే కొరికేస్తాయి.

అడ్డు ఎక్కడో వాడికి ముందే తెలుసు. పంపు ఆపించి, స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకుని స్ట్రెయినర్ మూత విప్పాడు. లోపలి జల్లెడ బుట్టలో నల్లటి ముద్ద. వేలితో విదిపితే మిరపగింజలు, మాడిన కరివేపాకు, ఉల్లిపాయ పొరలు. అది హోటళ్ల నుంచి వచ్చిన నూనె లైను. పదేపదే కాచి, పాడైపోయిన పదార్థాలు 25 శాతం దాటిన నూనెని వంటకి వాడకూడదని 2018లో నిబంధన వచ్చింది. అలాంటి నూనెని సేకరించి ఇంధనంగా మార్చాలన్న పథకం కూడా ఆ ఏడాదిలోనే మొదలైంది. మన మిర్చిబజ్జీ చివరికి ఏ లారీ ఇంజన్లో తేలుతుందో చూశారా!

బయోడీజిల్‌కి ఇంకో గుణముంది. మామూలు డీజిల్‌కి వాడే నల్ల రబ్బరు సీళ్లను అది ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. అందుకే వైటాన్ అనే ఖరీదైన రబ్బరు రింగులు వేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. రాగి, ఇత్తడి తగిలితే బయోడీజిల్ త్వరగా చెడిపోతుంది కాబట్టి ఆ లైన్లలో ఇత్తడి ఫిట్టింగులూ పెట్టరు.

మధ్యాహ్నం లోడింగ్ బే దగ్గర ఒక ట్యాంకర్ వచ్చి ఆగింది. డ్రైవర్ మొదట చేసిన పని, గొట్టం తగిలించడం కాదు. నేల నుంచి వచ్చిన తీగ క్లిప్పుని ట్యాంకర్‌కి పట్టించాడు. గొట్టంలో పారేటప్పుడు ఇంధనానికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, అది నేలలోకి పోవాలి. క్లిప్పు సరిగ్గా పట్టకపోతే పంపు స్టార్టే అవదు, అలా కనెక్షన్ ఇచ్చారు.

ఇవన్నీ చూశాక పెద్దమ్మ మాట ఎత్తాను. టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టేశాడు.

2023 ఫిబ్రవరిలో పెద్దాపురం మండలం రాగంపేటలో ఒక నూనె ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు కార్మికులు చనిపోయారు. ఈ చుట్టుపక్కల నూనె పని చేసేవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేదు. ఖాళీ ట్యాంకంటే ఖాళీ కాదు. అడుగున మిగిలిన మడ్డి కుళ్లితే లోపల పీల్చుకోదగిన గాలి ఉండదు. ఒకడు పడిపోతే, లాగుదామని వెనకే దిగినవాడూ పడిపోతాడు.

"అప్పుడు నేను వేరేచోట కాంట్రాక్టులో ఉన్నా" అన్నాడు అన్నయ్య. "రాగంపేట జరిగిన కొన్నాళ్లకే మమ్మల్నీ ట్యాంకులోకి దిగమన్నారు. గ్యాస్ మీటర్ పెట్టి చూశారా సార్ అని అడిగా. రెండు నిమిషాల పనికి మీటరెందుకు అన్నాడాయన. దిగనన్నా. మర్నాటి నుంచి పిలవలేదు. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నా. అమ్మకి పని తగ్గిందని చెప్పా."

ఇక్కడ అలా కాదట. దిగేముందు గాలి పరీక్షించాలి, బ్లోయర్ పెట్టాలి, దిగేవాడి నడుముకి తాడుండాలి, పైన ఒక మనిషి కదలకుండా నిలబడాలి. ఇవన్నీ రాసి సంతకాలు పెట్టిన పర్మిట్ కాగితం ఉంటేనే మూత తీస్తారు. పైన నిలబడేది చాలాసార్లు అన్నయ్యే. "నేను మానేస్తే ఆ తాడు ఎవరు పట్టుకుంటారో నాకు తెలీదు కదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, పెద్దమ్మ అసలు బెంగల్లో అదొకటి. ఈ ప్లాంట్లు ఏడాదంతా నడవవు. డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ 2030 నాటికి కలపాలన్నది ప్రభుత్వ లక్ష్యం, ఇప్పటికి 1 శాతం కూడా కలవట్లేదు. ఆయిల్ కంపెనీలు ఆర్డరిస్తే రెండు షిఫ్టులు, లేకపోతే పంపులన్నీ నిద్ర. నిద్రపోయే పంపుని కూడా అప్పుడప్పుడు చేత్తో తిప్పాలి, లేకపోతే పట్టేస్తుందని అన్నయ్య అంటాడు. ఆ నెలల్లో ఓవర్‌టైం ఉండదు, వదిన చీటీ కట్టడానికి తంటాలు పడుతుంది.

సాయంత్రం గేటు దగ్గర ఫోన్ తీసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ పెద్దమ్మవే. బీచ్ రోడ్డులో బజ్జీల బండి దగ్గర ఆగి ఫోన్ చేశా. పర్మిట్ గురించి, తాడు గురించి, తాళంచెవి జేబులో పెట్టుకోవడం గురించి చెప్పా. అంతా విని, "కాగితం మనిషిని పైకి లాగుద్దేంట్రా?" అంది. వెంటనే, "వాడు తిన్నాడా?" అంది.

వాడు అప్పటికే బజ్జీలాయనతో మాటల్లో ఉన్నాడు. మూకుడులో నూనె ఎన్ని రోజులకోసారి మారుస్తాడో, మార్చినది ఎవరికిస్తాడో అడుగుతున్నాడు. ఆయన చిరాగ్గా, "మీకెందుకండీ బాబూ, బజ్జీ బాలేదా?" అన్నాడు.

"బాగుందండీ. నూనె వడకట్టి ఇయ్యండి, చాలు. ఆ గింజలు తీయలేక చస్తున్నాం" అన్నాడు అన్నయ్య.