ఐదుగురు కలిసి నిలబడ్డారు



ఈ వారం సంఖ్యాకాండము 27వ అధ్యాయం ధ్యానించండి. సెలోపెహాదు చనిపోయాడు. అతనికి కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు. కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు, ఆయన వంతు భూమి పోవాలా అని ఆ అక్కచెల్లెళ్లు అడిగారు. ఎక్కడ అడిగారు? ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర, మోషే ముందు, యాజకుడైన ఎలియాజరు ముందు, సర్వసమాజం చూస్తుండగా. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురి పేర్లూ వాక్యంలో ఉన్నాయి. ఒక్కతే వెళ్లి ఉంటే, 'ఇంటి గొడవ ఇంట్లో చూసుకో' అని పంపేసేవారేమో. మోషే ఆ సంగతి దేవుని సన్నిధిలో పెట్టాడు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు. అది ఇశ్రాయేలంతటికీ కట్టడ అయ్యింది.

మన ఊళ్లో బడి పక్కనున్న బెల్టుషాపు తీయించాలని ఆడవాళ్లు అర్జీ రాశారు. సంతకాలు పెట్టినవాళ్లలో మన సంఘపు స్త్రీలు ఉన్నారు, రామాలయం వీధివాళ్లు ఉన్నారు, ముస్లిం అక్కలూ ఉన్నారు. ఒక సహోదరుడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, మనం మోకరించి ప్రార్థన చేసుకుంటే చాలదా? అన్యులతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకు?"

మంచి ప్రశ్నే. ప్రార్థన లేకుండా కదిలితే మన కోపమే మిగులుతుంది. కానీ బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరం చూడండి (29:7). ఆ పట్టణం యెహోవాను ఎరగదు. అయినా దాని క్షేమం కోరాలి, దానికోసం ప్రార్థించాలి. దాని క్షేమంలోనే వాళ్ల క్షేమం ఉంది. తాగి వచ్చినవాడు భార్యను కొడితే, ఆ దెబ్బకు మతం ఉంటుందా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకుంటున్న పేద స్త్రీలు ఏకమై ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. మా నాన్న కూలి డబ్బులు సారాకొట్టుకు పోకుండా అమ్మ చేతిలో పడటం ఆ తర్వాతే చూశాను. ఏళ్లతరబడి అమ్మ కన్నీటితో చేసిన ప్రార్థనకు జవాబు, ఆమెకు పేరైనా తెలియని స్త్రీల చేత దేవుడు పంపాడు.

సోమవారం మన ఆడవాళ్లు మండలాఫీసుకు వెళ్తున్నారు. ఆదివారం ఆరాధనలో వారికోసం ప్రార్థిద్దాం. సోమవారం వారి పక్కన నిలబడదాం. ఎవరినీ దూషించవద్దు. ఆ షాపు నడిపే మనిషి కోసం కూడా ప్రార్థించండి. అతని పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు.

న్యాయమును ప్రేమించు దేవుడు మిమ్మును దీవించి, ధైర్యపరచును గాక. ఆమేన్.