అంబాసిడరా? ఫియట్టా?

ఒకప్పుడు కారు కొనాలంటే పెద్ద చిక్కేమీ ఉండేది కాదు. చెప్పుకోదగ్గవి రెండే కదా! అయితే అంబాసిడర్, కాకపోతే ఫియట్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి కనుక, ఈలోగా వాదించుకోవడానికి మగవాళ్ళకి కావలసినంత తీరిక. కాఫీల మీద కాఫీలు. ఆ కాఫీలు అందించే ఇల్లాలిని మాత్రం "ఏమే, నీకేది నచ్చింది?" అని అడిగిన పాపాన పోయినవాళ్ళు తక్కువే.

అడిగుంటే ఆవిడేం చెప్పేదో ఇప్పుడు చూద్దాం.

ముందు జాతకాలు. అంబాసిడర్‌ది ఇంగ్లండు వంశం. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారుని బట్టి 1957లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో చెయ్యడం మొదలెట్టారు. ఫియట్‌ది ఇటలీ సంబంధం. బొంబాయి కుర్లాలో తయారై, 1964లో డిలైట్‌గా వచ్చి, 1970ల నడుమ ప్రీమియర్ పద్మిని అయింది. పేరు మారితేనేం, చాలామందికి అది ఫియట్టే. అత్తవారు కొత్త పేరు పెట్టినా పుట్టింటివాళ్ళు పాత పేరుతోనే పిలుస్తారు చూడండి, అలాగన్నమాట!

ఇక బలాబలాలు. అంబాసిడర్ ఇంజను 1489 సి.సి., ఫియట్‌ది 1089. శక్తి సుమారు 50 హార్స్‌పవర్ దానికి, 40 దీనికి. "చూశారా, 10 గుర్రాలు ఎక్కువ!" అంటుంది అంబాసిడర్ పక్షం. బాగానే ఉంది, మరి బరువో? అది దాదాపు 1100 కిలోలు, ఇది 900. పాలపద్దు రాసే చేతికి ఇదేమంత భాగహారం? ఎటు చూసినా గుర్రం వంతుకి 22 కిలోల చిల్లరే!

అంటే ఖాళీగా ఉంటే రెండూ సమవుజ్జీలే. తేడా అంతా మనుషులెక్కాకే.

అత్తగారు, మామగారు, ఆడపడుచు, పిల్లలు, పులిహోర డబ్బా, కూజా - అన్నీ కలిపి 400 కిలోలనుకోండి. అంబాసిడర్ గుర్రానికి 30 కిలోలు, ఫియట్ గుర్రానికి 32న్నర. ఘాట్ రోడ్డెక్కితే ఆ తేడా తెలిసొస్తుంది. పైగా అంబాసిడర్‌కి 15 అంగుళాల చక్రాలు, ముందు కూడా సోఫాలాంటి సీటు. సంసారానికి సరిపడే బండి, సందేహం లేదు.

కానీ ఇల్లాలు ఒక్కతే ఎక్కి, స్టీరింగు ముందు కూర్చుంటే? అప్పటికి పవర్ స్టీరింగు లేదు. నిలబడ్డ కారు చక్రం తిప్పడమంటే పొత్రంతో పిండి రుబ్బినంత పని. అలాంటప్పుడు 200 కిలోల తేలిక, అడుగుకి పైగా పొట్టి అంటే మాటలా? సందులో మళ్ళించడానికీ, కూరల బజారు దగ్గర ఆపడానికీ ఫియట్టే అనువు. అంబాసిడర్‌లో ఆవిడకి చోటు ఖాయం, ఒళ్ళో చంటివాడితో సహా. ఫియట్‌లో స్టీరింగు మీద ఆశ.

"అందరూ పట్టేదేది?" అనే ప్రశ్న మన ఇళ్ళల్లో బాగా వినిపించింది. "నువ్వు నడపగలిగేదేది?" అన్నది అంతగా వినిపించలేదు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2023లో ముంబయి టాక్సీల్లోంచి పద్మిని కూడా సెలవు తీసుకుంది. ఇప్పుడు ఒక వేలితో తిరిగే స్టీరింగులొచ్చాయి, లెక్కలేనన్ని రకాలొచ్చాయి. అయినా ఈసారి మీ ఇంట్లో కారు మాటొస్తే, మైలేజీ సంగతి తర్వాత. ముందు తాళంచెవి ఎవరి చేతికొస్తుందో తేల్చుకోండి!