మధురవాడ కొండమీద డిస్కు పేర్ల పని

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి విశాఖలో దించింది. ఆటోలో హనుమంతవాక, ఎండాడ దాటి మధురవాడ ఐటీ కొండ ఎక్కేసరికే ఎండ చురుక్కుమంటోంది. సర్వర్ గదిలోకి అడుగుపెడితే మాత్రం స్వెట్టర్ కావాలి.

కరెంటు పోయి వచ్చాక అక్కడి డేటాబేస్ సర్వర్ లేవలేదు. ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. రాత్రంతా దాని ముందే కూర్చున్న కుర్రాడి కళ్లు ఎర్రబడ్డాయి.

"సార్, డేటా ఎస్‌డీబీలో ఉండేది. ఇప్పుడక్కడ వేరేదేదో ఉంది. మొత్తం పోయినట్టేనా సార్?"

"ఏం పోలేదు బాబూ. డిస్కు పేరు మారింది, అంతే."

ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి చూపించాను. డేటా డిస్కు ఎస్‌డీడీగా భద్రంగా ఉంది. లినక్స్ ఈ అక్షరాలను డిస్కులు కనబడిన వరసలో ఇస్తుంది. ఆ వరస ప్రతి బూట్‌కీ ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. ఇక్కడ కొన్నాళ్ల కిందట ఫైబర్ చానెల్ కార్డు పెట్టి, రీబూట్ లేకుండానే స్టోరేజీ నుంచి ఒక లన్ ఇచ్చారు. లన్ ఒకటే అయినా రెండు దారుల్లో కనబడి రెండు అక్షరాలు తీసుకుంది. ఈసారి బూట్‌లో ఆ కార్డు డ్రైవర్ క్యూఎల్ఏ2ఎక్స్ఎక్స్ఎక్స్ ముందుగా పని మొదలెట్టి, ఆ రెండు దారులకీ ఎస్‌డీబీ, ఎస్‌డీసీ దక్కాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎవరో చేత్తో రాసిన ఎస్‌డీబీ1 కోసం సర్వర్ ఒకటిన్నర నిమిషం చూసి ఆగిపోయింది.

లోకల్ డిస్కు లైనులో యూయూఐడీ రాశాం. లన్‌కి అది నాకు చాలదు. స్టోరేజీలో స్నాప్‌షాట్ తీసి ఇదే సర్వర్‌కి ఇస్తే రెండింటికీ ఒకే యూయూఐడీ ఉంటుంది. బై-పాత్ పేరు పెడితే కేబుల్ ఇంకో పోర్టుకి మార్చిన రోజున మారిపోతుంది. అందుకే డబ్ల్యూడబ్ల్యూఐడీ పట్టుకుని మల్టీపాత్‌లో దానికో పేరు ఖాయం చేశాం. ఫ్యాన్ల హోరులో కుర్రాడు స్టోరేజీ కన్సోల్ నుంచి 32 అక్షరాలూ గట్టిగా చదువుతుంటే నేను ఒక్కొక్కటీ సరిచూశాను. సర్వర్ వైపు ముందు ఒక 3 అదనంగా ఉంటుంది. ఎనిమిదికీ, బీకీ తేడా కోసం రెండుసార్లు చదివించాను. ఇక్కడ తొందర పనికిరాదు. తప్పు లన్ మీద ఫార్మాట్ కొడితే వెనక్కి తేవడానికి ఏమీ మిగలదు.

తర్వాత డ్రాకట్‌తో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేసి, రూట్ డిస్కున్న రెయిడ్ కార్డు డ్రైవర్ మెగారెయిడ్_ఎస్‌ఏఎస్ అందులో చేరిందని చూసుకున్నాకే రీబూట్ చేశాం. ఈసారి ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కే ఎస్‌డీసీ అయి కూర్చుంది! అయినా డేటాబేస్ తనంతట తానే లేచింది. కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అలాంటిచోట కరెంటు రాగానే సర్వర్ మనిషి సాయం లేకుండా లేవాలి. దానికి కావలసిన, డిస్కులకు మారని పేర్లిచ్చే యూడెవ్ 2003 నుంచే ఉంది, కొత్తగా కొనేదేమీ లేదు. మీ చేతిలో సర్వర్లుంటే ఈరోజే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరవండి. ఎస్‌డీ అక్షరాలు కనిపిస్తే మార్చి, ఫైండ్‌మౌంట్ వెరిఫై కొట్టి, మనుషులు అందుబాటులో ఉన్న వేళ ఒకసారి రీబూట్ చేసి చూడండి.