మా చెమ్మ గోడ

పోతిరెడ్డిపల్లి చౌరస్తా... ముంబయి హైవే మీద, పాత 9, ఇప్పటి 65వ నంబరు రోడ్డు. ఆ దగ్గర్లోనే మా ఇల్లు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి నాన్న కట్టింది. ఈమధ్య అమ్మకానికి పెట్టాం.

'రేపు వీడియో తీస్తాం, సర్దిపెట్టండి' అన్నాడు ఏజెంటు. తీగ మీది బట్టలు, బకెట్లు, ఫ్రిజ్ మీది మందుల డబ్బా... అన్నీ డాబా మీదికి. తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెలుగు బాగుంటుందట. వైడ్ లెన్స్‌లో మా 10 అడుగుల గది కల్యాణమండపంలా కనిపించింది!

చివరి గదిలో చెమ్మ గోడకు బీరువా అడ్డం పెట్టమన్నాడు. నేనూ ఓ చెయ్యి వేశాను. అమ్మ ఒప్పుకోలేదు.

"వానొస్తే నెమ్మొస్తదని కొనేటోళ్లకు తెల్వద్దా? రేపు మీ నాయిన్ని తిట్టుకుంటరు బిడ్డా."

బీరువా మళ్లీ పక్కకు జరిపాం. వీడియో చూసి ఇద్దరు ఫోన్ చేశారు. ఇద్దరూ ముందు ఆ గోడ గురించే అడిగారు. ఫోన్ అమ్మకిచ్చాను.