కేబుల్ తమ్ముళ్లకు ఒక మాట

2016 నవంబరులో ఐకాన్ 57వ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగిందని ఎంతమందికి గుర్తుంది? డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ అది. అసలు ప్యూర్టోరికోలో జరగాల్సింది, జికా భయంతో ఇటొచ్చింది. సదస్సు నడుస్తుండగానే 8వ తేదీ రాత్రి పెద్ద నోట్లు రద్దు. పాపం, ఆ విదేశీ అతిథుల పాట్లు ఊహించుకోండి!

ఇదంతా ఎందుకంటే, మొన్న వానకి దమ్మాయిగూడలో మా గల్లీ ఫైబర్ తెగింది. వచ్చిన కుర్రాడు కరెంటు స్తంభం కింద గొంతుక్కూర్చుని, వెంట్రుకంత తీగని స్పిరిట్‌తో తుడిచి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి అతికించాడు. బీటెక్ చదివాడట, రౌటింగ్ సొంతంగా నేర్చుకుంటున్నాడట. ‘ఐకాన్ సదస్సుల్లాంటి వాటికి తీసుకెళ్లే ఫెలోషిప్‌లకి అప్లై చెయ్ తమ్మీ’ అంటే, ‘అవి మనకెవరిస్తరన్నా’ అని నవ్విండు.

ఇస్తారు. ఐకాన్ 2007 నుంచి ఇస్తోంది. ఆసియా పసిఫిక్‌లో ఐపీ అడ్రస్‌లు పంచే ఏపీనిక్ కూడా ఇస్తుంది. ఎంపికైతే విమానం టికెట్టు, హోటల్ ఖర్చు వాళ్లదే. నెట్‌వర్క్ పని చేతికి తెలిసినవాళ్లు ధైర్యంగా అడగొచ్చు. ముందుగా ఏపీనిక్ అకాడమీ ఆన్‌లైన్ కోర్సులు చెయ్యండి, ఉచితమే. పాస్‌పోర్ట్ లేకపోతే మాత్రం ఇప్పుడే పెట్టుకోండి. మనోళ్లు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.